సైకాలజీ చదువు మా జిల్లాలకూ కావాలి: డిగ్రీ కాలేజీల పెద్దలకు బహిరంగ లేఖ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ప్రభుత్వ డిగ్రీ కాలేజీల ప్రిన్సిపాళ్లకు, ఆ కాలేజీలకు అనుబంధం ఇచ్చే విశ్వవిద్యాలయాల పెద్దలకు, రాష్ట్ర ఉన్నత విద్యామండలికి నమస్కారం.

నాది ఉద్దానం. వజ్రపుకొత్తూరు మండలంలో ఓ ఊరు. డిగ్రీలో సైకాలజీ చదివాను, తర్వాత అందులోనే ఎంఏ చేశాను. ఇప్పుడు క్లినికల్ సైకాలజీ ప్రవేశ పరీక్షలకు చదువుకుంటూ సాయంత్రాలు పిల్లలకు ట్యూషన్ చెబుతున్నాను. మిమ్మల్ని అడగదలచుకున్నది ముందే చెప్పేస్తాను. రెండు జిల్లాల్లోనూ కనీసం ఒక్కో ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో సైకాలజీ మేజర్, అంటే ప్రధాన సబ్జెక్టుగా ఉండాలి. దాన్ని సైకాలజీ చదివిన లెక్చరరే చెప్పాలి. ఓ చిన్న ల్యాబ్ ఉండాలి. వారానికో రోజు ఆసుపత్రికో, బడికో, అంగన్‌వాడీకో వెళ్లి చూసి నేర్చుకునే వీలుండాలి. ఎందుకు అడుగుతున్నానో చెప్పాలంటే ముందు మా మావయ్య సంగతి చెప్పాలి.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా దగ్గరే తీరం దాటింది. మావయ్యది కొబ్బరితోట, మధ్యమధ్య జీడిచెట్లు. మా వైపు కొబ్బరిచెట్టును కన్నకొడుకుతో సమానంగా చూసుకుంటారు. తెల్లారేసరికి తోటలో నిలబడి ఉన్న చెట్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తర్వాత నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు పడిపోయిన చెట్లు లెక్కపెట్టుకుని వెళ్లారు. అది వాళ్ల పని, చేశారు. మావయ్య మాత్రం పడిపోయిన మాను మీద కూర్చుంటే కూర్చున్నట్టే ఉండిపోయేవాడు. తిండి తగ్గిపోయింది, నిద్ర లేదు, పలకరిస్తే పలికేవాడు కాదు. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. ఊళ్లో వైద్యం చేసే ఒకాయన బలానికని ఇంజెక్షన్లు ఇచ్చాడు. ఎనిమిది నెలలు అలా గడిచాక, విశాఖలో ఉండే చుట్టాలు పట్టుబట్టి మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకెళ్తే, డిప్రెషన్ అని, తగ్గే జబ్బేనని చెప్పారు. తగ్గింది. ఇప్పుడు మావయ్య కొత్త మొక్కలు పెంచుతున్నాడు.

అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. మనసుకూ జబ్బు చేస్తుందనీ, దాన్ని తెలుసుకునే చదువు ఒకటుందనీ నాకు తెలిసింది అలాగే. ఎనిమిది నెలల పాటు ఆ ఇంట్లో ఎవరికీ, మా ఊళ్లో ఎవరికీ, ఇది ఫలానా అని చెప్పగలిగిన మనిషి తగల్లేదు. ఆ మనిషిని నేనే అవ్వాలనుకున్నాను.

ఇంటర్ అయ్యాక డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాలకు పలాసలో నెట్ సెంటర్‌లో కూర్చుని వెబ్ ఆప్షన్లు వెతికాం. చరిత్ర, ఆర్థికశాస్త్రం, రాజనీతి శాస్త్రం, బీకాం కంప్యూటర్స్ ఎక్కడ చూసినా ఉన్నాయి. ఇంటి నుంచి రోజూ వెళ్లి రాగలిగినంత దూరంలో సైకాలజీ మాత్రం నాకు కనబడలేదు. ఆ రోజు నాతో పాటు ఇద్దరు స్నేహితురాళ్లు ఉన్నారు. ముగ్గురం ఒకే కోరికతో వచ్చాం. శ్రీకాకుళం నుంచే విశాఖ సుమారు 110 కిలోమీటర్లు, మా పలాస వైపు నుంచైతే ఇంకా దూరం. హాస్టల్‌లో ఉండి చదవాల్సిందే. మా అమ్మ పుస్తెలతాడు బ్యాంకులో పెట్టి నన్ను పంపించింది. మిగతా ఇద్దరినీ ఇంట్లో పంపలేదు. ఒకరికి డబ్బు ఇబ్బంది, ఇంకొకరికి ఆడపిల్ల అంత దూరమా అన్న భయం. మా వీధిలో ఒకావిడ మా అమ్మను అడిగింది, "ఏటమ్మా, మీ గుంట పిచ్చోళ్ల సదువు సదవడానికి వైజాగెల్తందటగదా?" అని. ఆమె మీద నాకు కోపం లేదు. సైకాలజీ చదివిన మనిషిని ఆమె ఎన్నడూ చూడలేదు. చూసి ఉంటే ఆ మాట అనేది కాదు.

ఆ ఇద్దరిలో ఒకమ్మాయి దగ్గర్లోనే బీఏ పూర్తిచేసి, పెళ్లయ్యాక దూరవిద్యలో సైకాలజీ ఎంఏ చేద్దామని డబ్బు కూడబెట్టుకుంది. 2025 జులై-ఆగస్టు ప్రవేశాల నుంచి సైకాలజీని దూరవిద్యలోగానీ ఆన్‌లైన్‌లోగానీ నడపవద్దని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం, అంటే యూజీసీ ఆదేశించింది. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం కిందకు వచ్చే కోర్సులన్నిటికీ అదే వర్తిస్తుందని చెప్పింది. ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. మనిషి ఎదురుగా కూర్చుని, అతని మౌనాన్ని కూడా వినడం నేర్చుకోవాల్సిన చదువు ఇది. పోస్టులో వచ్చిన పుస్తకాలతో రాదు. కానీ ఆ నిర్ణయం బరువు ఎవరి మీద పడిందో చూడండి. నగరంలో ఉన్నవాళ్లకు కాలేజీ ఉంది, వాళ్లు అందులో చేరతారు. మా స్నేహితురాలికి ఉన్న ఒక్క దారీ మూసుకుపోయింది. ఆ దారి మూసినప్పుడు ఇక్కడ ఇంకో దారి తెరవాలి కదా. తెరవగలిగింది మీరే.

అదే ఏడాది జులై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా మీ దృష్టికి తేవాలి. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న 17 ఏళ్ల విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా శిక్షణ పొందిన కౌన్సిలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని పెట్టుకోవాలని అందులో కోర్టు చెప్పింది. చిన్న సంస్థలైతే బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. ఇచ్ఛాపురం నుంచి రాజాం దాకా, బొబ్బిలి నుంచి భోగాపురం దాకా వంద మంది దాటిన బళ్లు, జూనియర్ కాలేజీలు, కోచింగ్ సెంటర్లు ఎన్ని ఉన్నాయో మీకు నాకంటే బాగా తెలుసు. వాటన్నిటికీ మనుషులు కావాలి. ఎక్కడి నుంచి వస్తారు? హైదరాబాద్ నుంచి వచ్చి టెక్కలిలో ఎవరూ ఉండిపోరు. ఇక్కడి పిల్లలు ఇక్కడే చదివితేనే ఇక్కడ ఉంటారు. ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు.

సైకాలజీకి ల్యాబ్ ఎందుకని ఒక లెక్చరర్ గారు నన్ను నిజంగానే అడిగారు. అందుకే మేం చేసినవి కొంచెం వివరంగా రాస్తాను.

మొదటి సెమిస్టర్‌లో జ్ఞాపకశక్తి మీద ప్రయోగం ఉంటుంది. జర్మనీలో ఎబ్బింగ్‌హౌస్ 1885లో అచ్చువేసిన పరిశోధన అది. అర్థం లేని అక్షరాల గుంపుల్ని బట్టీపట్టి, ఎంత కాలానికి ఎంత మర్చిపోతున్నాడో తన మీద తనే కొలుచుకున్నాడు. అర్థం లేనివే ఎందుకంటే, అర్థముంటే మనసు దాన్ని పాత జ్ఞాపకాలకు ముడిపెట్టేసుకుంటుంది, లెక్క తప్పుతుంది. మాకిచ్చిన జాబితా ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంది. తెలుగు మీడియం నుంచి వచ్చిన మాకు అందులో ఏది అర్థం లేనిదో, ఏది మాకు తెలియని ఇంగ్లిష్ మాటో తేడా తెలియలేదు. సరే, తెలుగులో మేమే తయారుచేసుకుందామని రెండేసి అక్షరాలు కలిపి రాసుకున్నాం. అందులో ఒకటి "మాఛ". అది వినగానే ఇచ్ఛాపురం నుంచి వచ్చిన అమ్మాయి నవ్వేసింది. ఒడియాలో మాఛ అంటే చేప. ఆమెకు అది అర్థం లేని మాట కాదు. ఒక్క మాటతో ఆ ప్రయోగం ఎందుకు అలా చేయాలో తరగతి మొత్తానికి అర్థమైంది. తెలుగు, ఒడియా, సవర మాట్లాడే పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చునే మన కాలేజీల్లో ఈ చదువు ఎంత బాగా పండుతుందో నాకు ఆ రోజే అనిపించింది.

ఇంకోసారి స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త పియాజే చెప్పిన నీళ్ల ప్రయోగం మా ఊరి అంగన్‌వాడీలో చేశాను. రెండు ఒకేలాంటి గ్లాసుల్లో సమానంగా నీళ్లు పోసి, పిల్లవాడు సమానమే అన్నాక, ఒక గ్లాసులోవి సన్నటి పొడవాటి సీసాలోకి ఒంపి, ఇప్పుడు ఎందులో ఎక్కువున్నాయని అడగాలి. అంగన్‌వాడీలో అన్నీ స్టీలు గ్లాసులే, పక్కనుంచి నీళ్ల మట్టం కనబడదు. ఎదురింట్లో గాజు గ్లాసులు అడిగి తెచ్చుకున్నాను. అయిదేళ్లలోపు పిల్లలు దాదాపు అందరూ పొడవాటి సీసానే చూపించారు. అక్కతో పాటు వచ్చి కూర్చున్న ఓ బడిపిల్ల మాత్రం, "నువ్వే గదా వొంపినావు, ఎక్కువెలాగవుతాయి?" అని నన్నే అడిగింది. పిల్లల ఆలోచన వయసుతో పాటు ఎలా మారుతుందో పుస్తకంలో పది పేజీలు చదివినా ఇంత బాగా తెలియదు. దీనికి అయిన ఖర్చు ఏమీ లేదు. కావలసిందల్లా ఎలా అడగాలో, ఎలా రాసుకోవాలో, పిల్లవాడికి మన మొహంలో జవాబు కనబడకుండా ఎలా ఉండాలో నేర్పే లెక్చరర్ ఒక్కరు.

అన్నిటికంటే నన్ను మార్చింది మాత్రం ప్రశ్నావళి. డిప్రెషన్ లక్షణాలు తెలుసుకోవడానికి ప్రపంచమంతా వాడే తొమ్మిది ప్రశ్నల పట్టిక ఒకటుంది, పీహెచ్‌క్యూ-9 అంటారు. గత రెండు వారాల్లో ఫలానా బాధ ఎన్ని రోజులు ఉంది అని అడిగి, సున్నా నుంచి మూడు దాకా మార్కులు వేస్తారు. మంచి పట్టికే. ప్రాజెక్టు కోసం మా పక్క ఊళ్లో ఒక పెద్దావిడను ఆమె ఒప్పుకున్నాక అడిగాను. ఆమె భర్తకు కిడ్నీలు పాడై డయాలసిస్ జరుగుతోంది. ఉద్దానంలో ఆ జబ్బు ఎన్ని ఇళ్లలో ఉందో మీకు చెప్పక్కర్లేదు. సగం కంటే ఎక్కువ రోజులా, దాదాపు ప్రతిరోజూనా అని నేను అడుగుతుంటే ఆమె, "రోజులు లెక్కెట్టుకునే తీరికేదమ్మా? ఆస్పత్రికి తీసికెల్లిన్రోజు ఒకలాగుంటాది, తీసికెల్లని రోజు ఒకలాగుంటాది" అంది. నిరాశగా అనిపిస్తోందా అంటే, "నిరాసంటే ఏటి?" అని అడిగింది. గుండెల్లో గుబులుగా ఉంటుందా అని మార్చి అడిగాను. అప్పుడు చెప్పింది. గుబులు, బెంగ, మనాది, గుండెకాయ పీకేసినట్టుండటం, కాళ్లూ చేతులూ లాగేయటం, తల దిమ్ముగా ఉండటం. గంటసేపు చెప్పింది. మనవాళ్లు మనసు బాధను చాలాసార్లు ఒంటి బాధగానే చెబుతారు. అది తెలియని డాక్టర్ ఒంటికే మందిస్తాడు. మా మావయ్యకు ఇచ్చిన బలం ఇంజెక్షన్లు అవే.

2015-16లో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందనీ, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదనీ అందులో తేలింది. ఆ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ లేదు. తుపాను చూసిన ఊళ్లు, డయాలసిస్ ఇళ్లు, వలసపోయినవాళ్ల కోసం ఎదురుచూసే ఇళ్లు మన దగ్గర ఉన్నాయి. గుజరాత్‌లోని వీరావల్‌కు వేటకు వెళ్లిన మన మత్స్యకారులు 2018 చివర్లో పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలోగానీ విడుదల కాలేదు. ఆ ఏడాది పైచిలుకు కాలం ఆ ఇళ్లలో ఆడవాళ్లు ఎలా నిద్రపోయారో, పిల్లలు బడిలో ఎలా కూర్చున్నారో ఎవరు అడిగి రాసుకున్నారు? ఇలాంటివి రాయాల్సింది ఇక్కడి విద్యార్థులే. ఇప్పుడు డిగ్రీలో ఎలాగూ కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంది, ఇంటర్న్‌షిప్‌లు ఉన్నాయి. సైకాలజీ విద్యార్థులుంటే ఆ పనికి ఒక అర్థం వస్తుంది.

ఉద్యోగాల సంగతి దాచకుండా చెప్పాలి. ఎందుకంటే దీని దగ్గరే మా అందరికీ ఎక్కువ టెన్షన్, దీని దగ్గరే మాకు సరిగా చెప్పేవాళ్లు లేరు. బీఏ సైకాలజీ చేసినంత మాత్రాన ఎవరూ సైకాలజిస్టు బోర్డు పెట్టుకోకూడదు. డిగ్రీ రెండో ఏడాది దాకా నాకు సైకియాట్రిస్టుకూ క్లినికల్ సైకాలజిస్టుకూ తేడా తెలియదు. ఎంబీబీఎస్ చేసి సైకియాట్రీలో పీజీ చేసినవాళ్లే సైకియాట్రిస్టులు, మందులు రాసేది వాళ్లు. క్లినికల్ సైకాలజిస్టుకు భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ గుర్తించిన శిక్షణ ఉండాలి, ఆ రిజిస్టర్‌లో పేరుండాలి. ఇన్నాళ్లూ అది ఎంఏ తర్వాత రెండేళ్ల ఎంఫిల్. జాతీయ విద్యా విధానంతో ఎంఫిల్ రద్దయ్యింది. క్లినికల్ సైకాలజీకి మాత్రం యూజీసీ 2025-26 దాకా గడువిచ్చింది. ఆర్‌సీఐ నాలుగేళ్ల ఆనర్స్ బీఎస్సీ, క్లినికల్ సైకాలజీ ఎంఏ లాంటి కొత్త కోర్సులు తెచ్చింది. ఇలా దారి మారిపోతున్న సమయంలో, పద్దెనిమిదేళ్ల పిల్లకు ఇంట్లో ఎవరు చెబుతారు? నేను ఒక చోట మూడు నెలల కౌన్సెలింగ్ సర్టిఫికెట్‌కు డబ్బు కట్టాను. దాంతో ప్రాక్టీస్ పెట్టుకోవచ్చని చెప్పారు. అది నిజం కాదని ఎంఏలో చేరాకే తెలిసింది. ఆ డబ్బు కూడా అమ్మ తాకట్టులోదే. ఇంకో అమ్మాయికి అలా జరగకూడదు.

క్లినికల్ ఒక్కటే దారి కాదు. ఆసుపత్రుల్లో హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రాల కౌన్సిలర్లు, హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రాలు, బాలల సంరక్షణ విభాగాలు, పుట్టుకతో ఎదుగుదల సమస్యలున్న పిల్లల కోసం జిల్లా స్థాయి కేంద్రాలు, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఉన్నాయి. ప్రత్యేక అవసరాల పిల్లలకు పాఠాలు చెప్పే శిక్షణకు సికింద్రాబాద్‌లో 1984 నుంచి ఒక జాతీయ సంస్థే ఉంది. కంపెనీల్లో హెచ్ఆర్ ఉంది, యూజీసీ నెట్ పరీక్ష రాసి లెక్చరర్ అవ్వడం ఉంది. ప్రతిదానికీ అర్హత వేరు, కొన్నిటికి సోషల్ వర్క్ డిగ్రీ అడుగుతారు, చాలావాటిలో జీతం తక్కువ, కాంట్రాక్టు. ఇవన్నీ మొదటి సెమిస్టర్‌లోనే పిల్లలకు కూర్చోబెట్టి చెప్పాలి. తెలిసి చేరినవాళ్లు నిలబడతారు.

ఇక మీరు అనబోయేవి నేను ఊహించగలను. పిల్లలు చేరరు అంటారు. 2023-24లో ఒకే ప్రధాన సబ్జెక్టు ఉండే సింగిల్ మేజర్ పద్ధతి వచ్చినప్పుడు, దానికి తోడుగా మైనర్ సబ్జెక్టుకూ చోటిచ్చారు కదా, ముందు మైనర్‌గా పెట్టి చూడండి. లెక్చరర్లు దొరకరు అంటారు. పక్కనే ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. పేరున్న మనస్తత్వవేత్త కోనేరు రామకృష్ణారావు గారి వంటివారు పనిచేసిన సైకాలజీ విభాగం అది. అక్కడ ఎంఏ, పీహెచ్‌డీలు చేసి ఖాళీగా ఉన్నవాళ్లు నాకే తెలుసు. గెస్ట్ లెక్చరర్‌గా అయినా వస్తారు, అయితే మూడు నెలలకోసారి కాదు, నెలనెలా జీతం ఇవ్వండి. క్షేత్ర శిక్షణకు చోటు లేదనలేరు. ఇప్పుడు రెండు జిల్లాల్లోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. అక్కడి సైకియాట్రీ విభాగంతో ఒక ఒప్పందం రాసుకుంటే చాలు. రోగి పేరు, ఊరు బయటకు పోకుండా చూసే నియమాలు మాత్రం గట్టిగా ఉండాలి, మన ఊళ్లలో అందరికీ అందరూ తెలుసు.

విజయనగరం వాళ్లకు ఇంకో మాట. జర్మనీలోని లైప్జిగ్‌లో వుంట్ అనే శాస్త్రవేత్త మొదటి సైకాలజీ ప్రయోగశాల పెట్టిన ఏడాది 1879. మీ మహారాజా కళాశాల పాఠశాల స్థాయి దాటి కళాశాల అయింది కూడా 1879లోనే అని చదివినప్పుడు నాకు ఒళ్లు గగుర్పొడిచింది. అప్పట్లోనే మద్రాసుకు దూరంగా ఉన్న ఊళ్లో కాలేజీ నడపగలం అని నమ్మినవాళ్లున్న జిల్లా మీది.

పుస్తకాలు ఇంగ్లిష్‌లో ఉండనివ్వండి, పరీక్ష ఏ భాషలోనైనా రాయనివ్వండి, కానీ ప్రాక్టికల్స్ తెలుగులో జరగాలి. మనిషిని అడిగేది అతని భాషలోనే. నా దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది. మనసు బాగోలేనప్పుడు మా వైపు వాళ్లు వాడే మాటలు, ఏ మాట ఏ సందర్భంలో అన్నారో, నాలుగేళ్లుగా అందులో రాసుకుంటున్నాను. ఎవరి పేర్లూ లేవు. మొదటి సెమిస్టర్ ప్రయోగాలు ఆరింటికి తెలుగులో సూచనలు కూడా రాసి పెట్టాను. వచ్చే ప్రవేశాల నోటిఫికేషన్‌లో ఏ కాలేజీ సైకాలజీ పెడితే ఆ కాలేజీకి ఈ రెండూ ఇచ్చేస్తాను. ల్యాబ్ సర్దడానికి మనిషి కావాలంటే పిలవండి, పలాస నుంచి పొద్దున్న రైలుకి వస్తాను.

ఇట్లు,
ఉద్దానం నుంచి ఒక సైకాలజీ విద్యార్థిని